ఆవిడ బీపీ ఎంత?

డాక్టరు గదిలో రోజూ జరిగేదే. "ఏం మాత్రలు వాడుతున్నారు?" అని అడగ్గానే అరవయ్యేళ్ల పెద్దమనిషి పక్కకు తిరిగి భార్య మొహంలోకి చూస్తాడు. ఆవిడ చేతిసంచీలోంచి ఓ ప్లాస్టిక్ కవరు తీస్తుంది. పాత చీటీలు, రక్తపరీక్ష కాగితాలు, సగం వాడిన మాత్రల అట్టలు అన్నీ అందులోనే. పరగడుపున ఏది, రాత్రి అన్నం తిన్నాక ఏది, ఏది పడక పోయిన నెల మార్చారు, గడగడా చెప్పేస్తుంది. విజయవాడైనా వరంగల్లయినా ఇదే తంతు. ఒళ్లు ఆయనది, దాని లెక్కాపత్రం ఆవిడది. మరి ఆవిడ బీపీ ఎంతో అడిగి చూడండి. "నాకేమండీ, నేను బాగానే ఉన్నాను" అంటుంది. చూపించుకుని ఎన్నాళ్లయిందో ఆవిడకే గుర్తుండదు.

పత్రికల్లోనూ యూట్యూబులోనూ వచ్చే ఆరోగ్య సలహాలు చాలావరకు ఇల్లూ వాకిలీ లేని ఒంటరి మనిషి కోసం చెప్పినట్టుంటాయి. పొద్దున్నే లేచి నడవండి, స్థిమితంగా కూర్చుని భోంచేయండి, మీకోసం ఓ అరగంట ఉంచుకోండి. వాటిలో తప్పేమీ లేదు. కానీ మన ఇళ్లలో ఆరోగ్యం ఎవరికి వారు చూసుకునే వ్యవహారం కాదు. అంట్లు, బట్టలతోపాటు అదీ ఇంటి చాకిరీలో కలిసిపోయి ఒక్కరి నెత్తిన పడింది. మామగారి షుగరు మాత్ర, అత్తగారి మోకాళ్లకు రాసే నూనె, పిల్లాడి దగ్గు మందు, ఉప్పు తగ్గించి ఆయనకు విడిగా వండే కూర. ఇంత మోస్తున్న మనిషిని పిలిచి 'నీ ఆరోగ్యం కూడా చూసుకోమ్మా' అన్నామంటే ఇంకో పని అంటగట్టినట్టే. సలహా ఇచ్చే ముందు ఉన్న పనిలో కొంత తీసేయాలి.

ఎంత తీసేయాలో లెక్క వేయడం కష్టం కాదు. కేంద్ర గణాంక శాఖ 2024లో జరిపిన కాల వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపనికి ఆడవాళ్లు రోజుకు సగటున 289 నిమిషాలు వెచ్చిస్తున్నారు, మగవాళ్లు 88. ఈ 88 చూసి చాలామంది ఇల్లాళ్లకు నవ్వొస్తుందని తెలుసు. అది ఎంతోకొంత ఇంటిపని చేసే మగవాళ్ల సగటు మాత్రమేనమ్మా, పుల్ల తీసి ఇటు అటు పెట్టని వాళ్లు ఆ లెక్కలోకే రారు. ఆ లెక్కనే చూసినా తేడా 201 నిమిషాలు. పెద్దవాళ్లు వారానికి కనీసం 150 నిమిషాలు ఒంట్లో చురుకు పుట్టేలా నడవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రోజుకు ఇరవై రెండు నిమిషాలు కూడా లేదు. ఆ తేడాలో తొమ్మిదో వంతు చేతులు మారితే ఆవిడ నడక పూర్తవుతుంది.

'ఇంటిపనే పెద్ద ఎక్సర్‌సైజు కదా' అనే వాదన ఒకటుంది. అందులో కొంత నిజం లేకపోలేదు. 2020లో ఆ సంస్థే సవరించిన సూచనల్లో ఇంటిపనినీ శారీరక శ్రమ కింద లెక్కించింది. నీళ్లు మోయడం, ఇల్లు కడగడం తప్పకుండా శ్రమే. కానీ ఇప్పటి వంటింట్లో ఎక్కువ భాగం పొయ్యి ముందు, సింకు ముందు గంటల తరబడి నిలబడటమే. దాంతో నడుమూ మోకాళ్లూ అరుగుతాయి గాని గుండె వేగం పెద్దగా పెరగదు.

ఇక తిండి. ఇంటి ఆరోగ్యం ఎలా ఉందో తెలియాలంటే రక్తపరీక్ష కన్నా ముందు మధ్యాహ్నం రెండింటికి కూరగిన్నెలోకి తొంగిచూడాలంటాను. అందరికీ వడ్డించి ఆఖర్న కూర్చునే మనిషికి పప్పు అడుగంటి ఉంటుంది, ఆకుకూర అయిపోయి ఉంటుంది, గుడ్డు పిల్లలు తినేసి ఉంటారు. ఉన్న అన్నంలో ఇంత ఆవకాయ కలుపుకుని, మజ్జిగ పోసుకుని లేస్తుంది. వెంటనే వేడిగా టీ. ఈ ఒక్క పూటలో రెండు నష్టాలున్నాయి. రక్తం పట్టించే పదార్థాలు గిన్నెలోనే అయిపోయాయి, అన్నంలో ఉన్న కాస్త ఇనుమునూ టీలోని టానిన్లు ఒంటికి పట్టనివ్వవు. రెండోది ఉప్పు. పెద్దవాళ్లకు రోజుకు 5 గ్రాములు మించకూడదంటారు, అంటే అన్నిట్లో కలిపి ఒక్క టీ చెంచా. ఊరగాయే కూరయిన పూట ఆ చెంచా ఎంతసేపు నిలుస్తుంది?

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత ఉన్నవారు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 58.8, తెలంగాణలో 57.6. దేశం మొత్తం మీద మగవాళ్లలో 25. నెలసరి, కాన్పులు ఇందుకు కారణమన్నది నిజమే. అయితే కూరగిన్నెకు కూడా ఇందులో వాటా ఉంది. ఆవకాయ మీద యుద్ధం ప్రకటించే ధైర్యం నాకు లేదు, ఆ ఉద్దేశమూ లేదు. వడ్డన మొదలుపెట్టకముందే ఆవిడ వాటా వేరే గిన్నెలో తీసి మూతపెట్టమంటున్నాను, లేదా అందరూ ఒకేసారి కూర్చోండి. పప్పులో నిమ్మకాయ పిండుకుంటే ఇనుము బాగా వంటబడుతుంది. టీ ఓ గంట ఆగి తాగితే కొంప మునగదు.

బీపీతో చిక్కేమిటంటే అది చప్పుడు చేయదు. తలనొప్పి లేదు కాబట్టి బీపీ లేదనుకునేవాళ్లు ఊరినిండా ఉన్నారు. మాత్రలు మొదలుపెట్టి, రెండు నెలల తరవాత అంకె మామూలుగా కనిపించగానే 'తగ్గిపోయిందిగా' అని ఆపేసేవాళ్లు అంతకంటే ఎక్కువ. మాత్ర పనిచేస్తోంది కాబట్టే ఆ అంకె అక్కడ ఆగిందని వాళ్లకు ఎవరూ విడమరిచి చెప్పరు. మగవాడు ఆపేస్తే ఇంట్లో గోల జరుగుతుంది. ఆవిడ ఆపేస్తే ఎవరికీ తెలియదు, ఎందుకంటే మాత్రలు గుర్తుచేసే మనిషి ఆవిడే.

ఇప్పుడు సెలైన్ సంగతి. 'నీరసంగా ఉందండీ, కళ్లు తిరుగుతున్నాయి, గుండె దడ, ఒళ్లంతా మంటలు' అంటూ ఆడమనిషి ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరకు వెళితే ఓ బల్ల మీద పడుకోబెట్టి గ్లూకోజు సీసా ఎక్కిస్తారు. అందులో ఎర్రగా ఓ బీకాంప్లెక్స్ ఇంజెక్షను కలిపితే ఇంకా నమ్మకం. అయిదు శాతం గ్లూకోజు అరలీటరు సీసాలో ఉండే చక్కెర 25 గ్రాములు, చెంచాలతో కొలిస్తే అయిదారు. అంత చక్కెర ఓ గ్లాసు నిమ్మరసంలోనూ కలుపుకోవచ్చు. వాంతులు, విరేచనాలై ఒంట్లో నీరు పోయినప్పుడు సెలైన్ ప్రాణం నిలబెడుతుంది, దాన్ని తీసిపారేయడం లేదు. కానీ ఈ నీరసానికి అది మందెలా అయింది? అయినా 'సీసా ఎక్కించుకున్నాక ప్రాణం లేచొచ్చింది' అంటారు. అబద్ధమాడరు. రెండు గంటలు కదలకుండా పడుకోవడానికి ఆవిడకు దొరికిన సాకు అదొక్కటే. చేతికి సూది గుచ్చి ఉన్నంతసేపు 'చట్నీ ఎక్కడుంది' అని ఎవరూ అడగరు. పక్కన తోడికోడలో, కూతురో కూర్చుని 'ఎలా ఉంది' అంటారు. ఆ విశ్రాంతీ, ఆ పలకరింపూ పనిచేశాయి, పేరు గ్లూకోజుకు వచ్చింది. డబ్బిచ్చి, సూది పొడిపించుకుంటే తప్ప ఒక మనిషికి మంచమ్మీద వాలే హక్కు రాని ఇంట్లో జబ్బు ఎవరిదంటారు?

ఆ దడ, ఆ మంటలు ఒక్కోసారి థైరాయిడ్ కావచ్చు, రక్తం తక్కువ కావచ్చు. పరీక్ష చేయించాల్సిందే. పరీక్షలన్నీ బాగున్నా అవి తగ్గకపోతే మనసు వైపు చూడాలి. దిగులు మన దగ్గర తరచూ ఒంటినొప్పుల రూపంలోనే డాక్టరు గుమ్మం తొక్కుతుంది. 'రిపోర్టులన్నీ నార్మల్, నీకేం లేదు' అనేస్తే ఆవిడ నోరు శాశ్వతంగా మూసేసినట్టే.

అందరి ఆరోగ్యమూ ఆవిడ నెత్తినే పెట్టిన ఈ ఏర్పాటు వల్ల మగవాళ్లు బాగుపడ్డారా అంటే అదీ లేదు. కూతురి కాన్పు కోసం ఆవిడ ఆరు నెలలు డాలస్‌కో న్యూజెర్సీకో వెళ్లిందనుకోండి, ఇక్కడ ఈయన షుగరు గాడి తప్పుతుంది. డబ్బాలు సర్ది, చీటీలు అంటించి, వీడియో కాల్‌లో పొద్దునా సాయంత్రం 'వేసుకున్నారా' అని అడుగుతున్నా సరే. అక్కడ ఆవిడ పసిబిడ్డకు నలుగు పెడుతూ, బాలింతకు పత్యం వండుతూ, తన మాత్రల అట్ట సూట్‌కేసులో ఏ అరలో ఉందో మరిచిపోతుంది. ఈయనకు ఒంటిని చూసే మనిషి ఒకరైనా ఉన్నారు, మనసు విప్పడానికి ఎవరూ లేరు. ఈ దేశంలో ఆత్మహత్య చేసుకుంటున్న ప్రతి పదిమందిలో ఏడుగురు మగవాళ్లని నేర గణాంకాల బ్యూరో ఏటా చెబుతున్నా, 'మగాడన్నాక తట్టుకోవాలి' అనే మాట మానలేదు మనం. తన మాత్రల పేర్లు తానే గుర్తుపెట్టుకోవడం, తన డబ్బా తానే సర్దుకోవడం ఆయనకు చిన్నతనం కాదు. ఆవిడకు సాయం చేస్తున్నట్టూ కాదు. ఆయన ఒళ్లు ఆయన చూసుకుంటున్నట్టు, అంతే.

ప్రభుత్వాలు ఏమీ చేయలేదనలేం. గుండె ఆపరేషన్‌కు ఆరోగ్యశ్రీ 2007 నుంచి ఉంది. రోజూ వేసుకునే బీపీ మాత్ర కోసం 2017లో మొదలైన జాతీయ కార్యక్రమంలో తొలి అయిదు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. ఒకేలాంటి చవక మందులు, నెలకు సరిపడా ఒకేసారి ఇవ్వడం, పెద్దాసుపత్రిదాకా రానక్కర్లేకుండా ఊరి దగ్గరి కేంద్రంలోనే అందించడం దాని పద్ధతి. మంచి పద్ధతి. కూలికి వెళ్లే మనిషికి ఆ మాత్రలు సాయంత్రం ఆరు తరవాత కూడా దొరికితే ఇంకా బాగుంటుంది.

మనసు కోసం టెలిమానస్ ఉంది. 2022 అక్టోబరు 10న మొదలైంది. 14416కు ఫోన్ చేస్తే డబ్బు తీసుకోకుండా, రాత్రీ పగలూ, తెలుగులోనే మాట్లాడతారు. ఆ నంబరు ఫ్రిజ్ మీద అంటించమని చెప్పడం తేలిక. రెండు గదుల ఇంట్లో, హాల్లో మామగారు టీవీ చూస్తుండగా, పిల్లలు పక్కనే హోంవర్కు చేస్తుండగా ఆవిడ ఆ మాటలు ఎక్కడ నిలబడి మాట్లాడాలి? డాబా మీదకు వెళ్లాలి. వెళ్లిన అయిదు నిమిషాలకే 'పాలు పొంగుతున్నాయి' అని కింద నుంచి కేక రాకూడదు. అరగంటపాటు స్టవ్ దగ్గర ఎవరుంటారో ఆవిడ మెట్లెక్కక ముందే ఇంట్లో తేల్చుకోండి.