వినే పెద్దలు ఒక్కరున్నా...

కామారెడ్డి జిల్లాలోని ఎల్లారెడ్డిలాంటి ఊళ్లో ఇంటర్ చదివే అబ్బాయి నడక, మాట కాస్త సుతారంగా ఉంటే చాలు, తరగతిలో ‘ఆడంగి’ అన్న పేరు పడిపోతుంది. లెక్చరర్ కూడా నవ్వేస్తే ఆ పేరు చదువు అయ్యేదాకా వదలదు. తోటి అమ్మాయిని ప్రేమించిన అమ్మాయి సంగతి బయటపడితే ముందు ఫోన్ లాక్కుంటారు, తర్వాత కాలేజీ మాన్పిస్తారు, ఆపై సంబంధాలు చూస్తారు. బయట ఎవరైనా ఏడిపిస్తే పిల్లలు ఇంటికొచ్చి అమ్మతో చెప్పుకుంటారు. ఈ పిల్లలకు ఇంట్లో చెప్పాలంటేనే భయం. చచ్చిపోవాలన్న ఆలోచన ఆ ఒంటరితనంలోనే ముదురుతుంది.

అమెరికాలో ఇలాంటి పిల్లల కోసం 1998 నుంచి హెల్ప్‌లైన్ నడుపుతున్న ట్రెవర్ ప్రాజెక్ట్ 2019లో ఒక మాట తేల్చి చెప్పింది. తమను తమలాగే ఒప్పుకున్న పెద్దవాళ్లు కనీసం ఒక్కరున్న పిల్లల్లో ఆత్మహత్యకు ప్రయత్నించే అవకాశం 40 శాతం తక్కువట. ఒక్కరంటే ఒక్కరు! మేనత్త కావచ్చు, తెలుగు సారు కావచ్చు, హాస్టల్ వార్డెన్ కావచ్చు.

ఆ ఒక్కరు ముందు పూర్తిగా వినాలి. “మా ఇంట్ల చెప్పకండి మేడం” అంటే, మంచికే కదా అని తండ్రికి ఫోన్ చేయకూడదు. “చచ్చిపోవాలనిపిస్తుందా బిడ్డా?” అని సూటిగా అడగొచ్చు; అడిగినందువల్ల లేని ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలొద్దు. సాయానికి ఎవరిని పిలుస్తున్నారో ఆ బిడ్డకు చెప్పే పిలవాలి. కేంద్రం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలి మానస్ నంబరు 14416 రాత్రింబవళ్లు పనిచేస్తుంది, ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఆసుపత్రి ఓపీ వరుసలో తెలిసినవాళ్ల కంట పడతామన్న బెదురు ఫోన్‌లో ఉండదు. చేతిలో ఫోన్ లేని పిల్లకు మేడమే తన ఫోన్ ఇవ్వాలి.

‘డాక్టరుకు చూపించి మార్పిస్తాం’ అనే తల్లిదండ్రులది ప్రేమే, కాదనం. కానీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే స్వలింగ ప్రేమను జబ్బుల జాబితాలోంచి తీసేసింది. అలా మారుస్తామనే వైద్యం వృత్తిపరమైన తప్పిదమని జాతీయ వైద్య కమిషన్ 2022లో ప్రకటించింది. నిజానికి ఆ తల్లిదండ్రులకూ ఊరడించి చెప్పే మనిషి కావాలి.

కామారెడ్డికి 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. జిల్లాలోని జూనియర్ కాలేజీల లెక్చరర్లకు, వార్డెన్లకు అక్కడి వైద్యులతో ఒక పూట శిక్షణ ఇప్పించడం అధికారులకు పెద్ద పని కాదు. ఈ బాధలు పడి నిలదొక్కుకున్న ట్రాన్స్‌జెండర్లను, స్వలింగ ప్రేమికులను కూడా పిలిచి ఆ శిక్షణలో మాట్లాడించాలి.