రంగా గారి నియోజకవర్గం ఏది?

పార్లమెంటులో యాభై ఏళ్లు పనిచేసినందుకు ఆచార్య ఎన్.జి. రంగా పేరు గిన్నిస్ బుక్కులోకెక్కింది. ఏటా జయంతి నాడు మనం తలుచుకునేదీ ఆ లెక్కే. ఆ యాభై ఏళ్లను ఏ ఊరి ఖాతాలో వేయాలో మాత్రం చెప్పలేం. 1930లో కేంద్ర శాసనసభలో అడుగుపెట్టిన ఈ నిడుబ్రోలు మనిషి 1957లో తెనాలి నుంచి, 1962 ఉప ఎన్నికలో చిత్తూరు నుంచి, 1967లో గౌతు లచ్చన్న తన గురువు కోసం వదులుకున్న శ్రీకాకుళం నుంచి, 1980 మొదలు మూడుసార్లు గుంటూరు నుంచి లోక్‌సభకు వెళ్లారు. ఓటమి వచ్చినప్పుడు రాజ్యసభ ఆదుకుంది. చిత్తూరులోనైనా శ్రీకాకుళంలోనైనా ఆయన పక్కా నాన్‌లోకల్.

ఊరు మారినా ఆయన మాట్లాడింది ఒకరి తరఫునే: సొంత చెక్క ఉన్న రైతు. ఆక్స్‌ఫర్డ్‌లో అర్థశాస్త్రం చదివొచ్చి, వెంకటగిరి జమీన్ రైతుల పోరులో జైలుకు వెళ్లారు. నిడుబ్రోలులో రామానీడు పేరిట రైతాంగ విద్యాలయం పెట్టి, పల్లెటూరి కుర్రాళ్లకు రాజకీయ పాఠాలు చెప్పించారు. లచ్చన్న అక్కడి విద్యార్థే. ఓట్లడగడానికి ముందు కార్యకర్తను తయారుచేసుకునే ఆ ఓపిక ఇవాళ ఏ పార్టీకుంది?

ఆయన జీవితంలో అసలు ఘట్టం 1959. ఆ జనవరిలో నాగపూర్ కాంగ్రెస్ ఉమ్మడి సహకార సేద్యానికి తీర్మానం చేసింది. అప్పటికి రంగా కాంగ్రెస్ పార్లమెంటరీ పార్టీలో పదవిలో ఉన్నారు. నెహ్రూకు ఎదురుతిరిగి బయటికొచ్చి, రాజాజీతో కలిసి స్వతంత్ర పార్టీ పెట్టి దానికి అధ్యక్షుడయ్యారు. అందులో సంస్థానాధీశులూ పెట్టుబడిదారులూ ఉన్న మాట నిజమే. ఒకనాడు జమీందార్లపై కత్తికట్టిన మనిషికి ఆ సావాసం ఎలా రుచించిందో అనిపిస్తుంది. అయినా ఒక విధానం నచ్చక పాలకపక్షాన్ని కాదనుకోవడం చిన్న సంగతి కాదు. 1985లో ఫిరాయింపుల నిరోధక చట్టం వచ్చాక విప్ మీరి ఓటేస్తే సభ్యత్వానికే ఎసరు. 1993లో ఎంపీ నిధుల పథకం మొదలయ్యాక పల్లె ఎంపీ పని కమ్యూనిటీ హాలు శిలాఫలకం దాకా కుదించుకుపోయింది.

పార్లమెంటులో రంగా చివరి పదేళ్లు వేరు. 1984లో రాష్ట్రమంతా ఎన్టీఆర్ గాలి వీస్తుంటే, ఎనభై దాటిన రంగా గుంటూరులో కాంగ్రెస్ గుర్తుమీద నెగ్గారు. ఆ పదవీకాలంలోనే, 1987-88లో, తెల్లదోమ పత్తిని తినేసి గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో రైతులు పురుగుమందు తాగి చనిపోయారు. అప్పుడు రంగాలో 1959 నాటి తెగింపును జనం మళ్లీ చూడలేదు. వయసును అనడం న్యాయం కాదు. పాలకపక్షం బెంచీలో కూర్చున్న రైతు నాయకుడి ఇరకాటం అది. దాదాపు అదే కాలంలో ఉత్తరాది రైతు నేత టికాయత్ లక్షల మందితో ఢిల్లీ బోట్ క్లబ్ దగ్గర బైఠాయించారు, ఎంపీ కాకుండానే.

ఇంకో లోటు మొదటినుంచీ ఉన్నదే. రంగా కాపాడిన రైతు చేతిలో పట్టా ఉంది. దున్నేవాడు వేరు, పట్టాదారు వేరు అయినప్పుడు ఎవరి పక్షమో ఆయన రాజకీయం తేల్చలేదు. తెనాలి ప్రాంతపు మాగాణిలో ఇవాళ దుక్కి నుంచి కోత దాకా చూసుకునేది చాలాచోట్ల కౌలుదారే. పట్టాదారు పిల్లలు హైదరాబాద్‌లోనో డాలస్‌లోనో ఉంటారు. పంట దెబ్బతింటే పరిహారం ఎవరి ఖాతాలో పడాలన్నది ఏటా గొడవే. 2019లో ఆంధ్రప్రదేశ్ పంట సాగుదారుల హక్కుల చట్టం తెచ్చి కౌలుదారుకు పదకొండు నెలల కార్డు ఇస్తామంది. ఆ కార్డుకు భూ యజమాని సంతకం కావాలంది. సంతకం పెడితే భూమి ఎక్కడ పోతుందోనని యజమానులు జంకారు. కార్డు లేనివాడికి బ్యాంకు అప్పు పుట్టలేదు, వడ్డీ వ్యాపారి దగ్గర పుట్టింది. ఆ కౌలుదారు కోసం తన పార్టీని వదిలి బయటికొచ్చిన ఎంపీ రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ నాకు కనబడలేదు.