గుద్దిన చెయ్యి ఎక్కడికి పోతుంది?

సుమన్, భానుచందర్‌ల పాత సినిమా టీవీలో వస్తే మా నాయన అన్నం మర్చిపోతాడు. భవానీ పేట్ మగ్గాల చప్పుడు మించి అరుస్తాడు: "వీళ్లది నిజం కరాటే!" నిజమే, ఇద్దరూ నేర్చుకున్నవాళ్లే. పవన్ కళ్యాణ్ కూడా. కానీ ఆ లిస్టులో ఒక్క అమ్మాయి పేరూ రాదు. అదే నా కోపం.

'కర్తవ్యం' (1990)తో జాతీయ అవార్డు తెచ్చుకున్న విజయశాంతి అంటే మా అమ్మకి ప్రాణం. అయితే ఆమె ముందు నటి, తర్వాతే ఫైట్లు. రితికా సింగ్ తిరకాసు. ముందు కిక్‌బాక్సర్, తర్వాత హీరోయిన్. ముంబై పిల్ల, అంటే మన మహారాష్ట్రదే! తమిళ 'ఇరుది సుట్రు'కి జాతీయ అవార్డుల్లో ప్రత్యేక ప్రస్తావన వచ్చింది. అదే కథ తెలుగులో 'గురు' (2017), వెంకటేశ్‌తో.

ఈసారి 'గురు' చూస్తే డైలాగులు వదిలేసి ఆమె చేతులు చూడండి. రింగ్‌లో నేర్చుకున్నవాళ్లకి గుద్దిన చెయ్యి స్టైల్‌గా గాల్లో ఆగదు, వెంటనే గడ్డం దగ్గరికొస్తుంది. తిరుగు దెబ్బ ఉంటుందని ఆ ఒంటికి తెలుసు. మన హీరోలకి ఆ భయమెందుకు? రౌడీలు క్యూలో నిలబడి ఒక్కొక్కరే వస్తారు కదా.

మొన్న నేను కరాటే క్లాసుకి పోతానన్నాను. నాయన మరాఠీలోకి దిగాడు (మా ఇంట్లో 'కాదు' అనేది మరాఠీలోనే): "ములీలా కశాలా హే?" మళ్లీ తెలుగులో, "ముక్కు విరిగితే సంబంధం ఎట్ల?"

నాయనమ్మ బీడీలు చుడుతూ తలెత్తకుండానే అంది: "సుమన్‌కు ముక్కు లేదారా?"

నాయన టీవీ సౌండు పెంచాడు. ఫీజు సంగతి ఇంకా తేలలేదు.