గాలి హారన్ల గోల

బద్వేలులో తెల్లవారక ముందే సందడి మొదలవుతుంది. పాలవాళ్లు, కూరగాయల బండ్లు, మొదటి బస్సు కోసం పరుగెత్తే ప్రయాణీకులు, మేతకు కదిలే గొర్రెల మందలు - అందరికీ అదే రోడ్డు. ఆ రోడ్డు మీద ఇప్పుడు మరో బెడద బయలుదేరింది. స్వంత పనులకు కొనుక్కున్న పికప్ బండ్లకు లారీల మాదిరి గాలి హారన్లు బిగిస్తున్నారు. బండి చిన్నది, కూత మాత్రం ఊరంతటికీ. వెనుక నుంచి హఠాత్తుగా ఆ కూత వినబడితే నడిచే మనిషి గుండె జారిపోతుంది.

ఇదంతా కుర్రకారు సరదా అని కొట్టిపారేయడానికి వీలులేదు. బండి యజమానులు చెప్పే మాటలోనూ కొంత న్యాయముంది. నెల్లూరు, మైదుకూరులను కలిపే 67వ నెంబరు జాతీయ రహదారి బద్వేలు మీదుగానే పోతుంది. బరువు లారీల మధ్య చిన్న బండి కూత ఎవరికి వినిపిస్తుందని వారి ప్రశ్న. మోటారు సైకిలు నడిపేవాడి చెవిలో సెల్‌ఫోను తీగ, రోడ్డుకు అడ్డంగా నిలబడ్డ బర్రె, పక్కకు జరగని ట్రాక్టరు - ఈ బాధలు కల్పితాలు కావు. అప్పు చేసి బండి కొన్న రైతు, సరుకు వాడిపోక ముందే మార్కెట్టుకు చేరాలని ఆరాటపడటంలో తప్పు లేదు.

కాని రోగానికి తగిన మందేనా ఇది? హారన్ ఉన్నది హెచ్చరించడానికి, బెదరగొట్టడానికి కాదు. హెచ్చరిక విన్న మనిషి పక్కకు తప్పుకుంటాడు. బెదిరిన మనిషి ఎటు దూకుతాడో అతనికే తెలియదు. సైకిలు మీద బడికి పోయే పిల్ల ఉలిక్కిపడితే హ్యాండిలు ఎడమకే తిప్పుతుందన్న హామీ ఉందా? మంద సంగతి కాపరులను అడిగితే చెబుతారు. ఒక్క గొర్రె బెదిరి రోడ్డెక్కితే మిగతావన్నీ దాని వెంటే ఉరుకుతాయి. అప్పుడు హారన్ కొట్టినవాడే బ్రేకు తొక్కవలసి వస్తుంది. ఆ బ్రేకేదో ముందే తొక్కి ఉంటే అందరికీ మేలు గదా!

బండికీ ఇది క్షేమం కాదు. పెద్ద లారీకి గాలి బ్రేకులుంటాయి. వాటి కోసం ఇంజను నడిపే కంప్రెసరు సిలిండరులో గాలి నింపుతుంది. అందులో కొంత హారన్‌కు వాడుకుంటారు. పికప్ బండికి ఉండేవి ఆయిలుతో పనిచేసే బ్రేకులు. గాలి సిలిండరు ఉండదు. కనుక బ్యాటరీతో తిరిగే చిన్న కంప్రెసరును వేరుగా బిగిస్తారు. అది మామూలు హారన్ కంటే ఎక్కువ కరెంటు లాగుతుంది. రిలే, తగిన ఫ్యూజు లేకుండా పాత తీగకే కలిపితే తీగ వేడెక్కి కాలుతుంది. ఒక్కొక్కసారి బండికే నిప్పంటుకునే ప్రమాదం ఉంది.

ఇక చెవుల మాట. శబ్దాన్ని డెసిబెళ్లలో కొలుస్తారు. పది డెసిబెళ్లు పెరిగితే శబ్దశక్తి పది రెట్లయినట్లు లెక్క. మామూలుగా మనం మాట్లాడుకునే మాట 60 డెసిబెళ్ల దగ్గర ఉంటుంది. 85 దాటిన శబ్దంలో రోజూ ఎనిమిది గంటలు గడిపితే వినికిడి దెబ్బతింటుందని వైద్యులు చెబుతారు. గాలి హారన్ కూత దగ్గరలో 110 దాటడం కద్దు. నివాస ప్రాంతాలకు 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాలు పెట్టిన హద్దు పగలు 55, రాత్రి 45. ఆసుపత్రులు, బడులు, కోర్టుల చుట్టూ 100 మీటర్లను నిశ్శబ్ద మండలంగా పరిగణించి అక్కడ ఇంకా తగ్గించారు. పురిటి మంచం మీది బాలింతకు, గుండె జబ్బుతో పడుకున్న ముసలాయనకు ఈ హద్దులే రక్ష.

చట్టంలో సందేహానికి తావులేదు. 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాలలో 119వ నియమం, రకరకాల స్వరాలు పలికే హారన్లను, కర్ణకఠోరమైన, భయం పుట్టించే శబ్ద పరికరాలను నిషేధించింది. అంబులెన్సు, అగ్నిమాపక, పోలీసు బండ్ల వంటి వాటికే మినహాయింపు. రాత్రి 10 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు నివాస ప్రాంతాలలో తప్పనిసరి పరిస్థితిలో తప్ప హారన్ మోగించరాదని సుప్రీంకోర్టు 2005 జూలై 18న తీర్పు చెప్పింది. 2019లో సవరించిన చట్టం ప్రకారం శబ్ద ప్రమాణాలను ఉల్లంఘించిన బండి నడిపితే మూడు నెలల దాకా జైలు, లేదా పదివేల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. అంగడిలో అమ్ముతున్నారు గదా అనుకుంటే చెల్లదు. శిక్ష పడేది బండికి.

అయితే ఒక్క మాట. ఈ నియమం చిన్న బండ్లకే కాదు. లారీలకూ, ప్రైవేటు బస్సులకూ వర్తిస్తుంది. పెద్ద బండ్లను వదిలేసి రైతు పికప్‌ను మాత్రం ఆపితే అది న్యాయం అనిపించుకోదు. 2025 అక్టోబరులో కేరళ రవాణాశాఖ ప్రత్యేక తనిఖీలు జరిపి, పట్టుబడిన గాలి హారన్లను రోడ్డు రోలరుతో తొక్కించింది. మన అధికారులకూ అంతటి పట్టుదల కావాలి. ఫిట్‌నెస్ పరీక్ష నాడు ఊడదీసి, మర్నాడు బిగించుకోవడం కష్టమేమీ కాదు. అందువల్ల తనిఖీ రోడ్డు మీదే జరగాలి. ఆసుపత్రుల వద్ద, బడుల వద్ద హారన్ నిషేధమని బోర్డులు పెట్టాలి.

యజమానులు చేయగలిగిందీ ఉంది. కంపెనీ హారన్ సన్నగా పలుకుతుంటే చాలాసార్లు తప్పు హారన్‌ది కాదు. బలహీనపడ్డ బ్యాటరీది, తుప్పు పట్టిన ఎర్తు తీగది. మెకానిక్కు చేత బాగుచేయిస్తే స్వరం తిరిగి వస్తుంది. చాలకపోతే ప్రమాణాలకు లోబడిన కరెంటు హారన్ వేయించుకోవచ్చు. రాత్రిపూట లైటు డిమ్ము, డిప్పు చేస్తే చాలు. మలుపుల్లో వేగం తగ్గించాలి. నడిచేవారు, కాపరులు, మోటారు సైకిళ్లవారు కూడా చెవిలో తీగలు తీసి, రోడ్డు మీద ఒళ్లు తెలిసి మెలగాలి.

ఈ రోడ్డు పక్కనే మన ఇండ్లున్నాయి, మన బడులున్నాయి. బండి నడిపేవాడి తల్లి కూడా ఏదో ఒక పొద్దున ఈ రోడ్డే దాటాలి. కూత పెద్దదైనంత మాత్రాన దారి మనదైపోదు.