మూతిగుడ్డ ఎవరికి కొత్త?

"పల్లె జనం మాస్కు పెట్టుకోరు, చదువు లేదు కదా" అని 2020లోనే వాట్సాప్ మేధావులు తేల్చేశారు. మానుకోటలో మిర్చి బస్తాలు మోసే హమాలీ ఘాటుకు ఆగలేక మూతికి దస్తీ కట్టుకోవడం వీళ్లెప్పుడూ చూసినట్టు లేదు.

మాస్కు కావాలా వద్దా అన్నది నాకు గొడవే కాదు (కావాల్సిందే). గొడవంతా అప్పటి వెయ్యి రూపాయల జరిమానాతోనే. 2021లో మన ఉపాధి హామీ రోజుకూలి 245 రూపాయలు. దస్తీ కాస్త జారిందా, నాలుగు రోజుల కూలి గోవిందా!

అదే ఏడాది ఏప్రిల్ 14న హాలియాలో ముఖ్యమంత్రి ఎన్నికల సభ. ఐదు రోజులకు ఆయనకే కరోనా. సెకండ్ వేవ్ ముంచేస్తుంటే ఏప్రిల్ 30న వరంగల్ కార్పొరేషన్ పోలింగ్. జనగామ బస్టాండులోనో, భూపాలపల్లి సెంటర్లోనో చలానా రాసే చెయ్యి ఆ సభల దగ్గర పెన్ను ఎందుకు తీయలేదు?