రెండు 3:16లు



మన ప్రాంతంలో యోహాను సువార్త 3:16 కనబడని చోటు లేదు. మందిరపు గోడ మీద ఉంటుంది, ఆటో వెనుక ఉంటుంది, సండే స్కూలు పిల్లలను నిద్రలో లేపి అడిగినా చెబుతారు. మంచిదే. అయితే అదే యోహాను వ్రాసిన మొదటి పత్రికలో కూడా ఒక 3:16 ఉంది. దానిని ఏ గోడ మీదైనా చూశారా? మేమైతే ఇంతవరకు చూడలేదు. ఆయన మన కొరకు ప్రాణం పెట్టాడు గనుక మనం కూడా సహోదరుల కొరకు ప్రాణం పెట్ట బద్ధులమై ఉన్నామని దాని భావం. ఇరవై ఏళ్ల పరిచర్యలో మేము మొదటి 3:16 మీద ఎన్ని ప్రసంగాలు చేశామో లెక్క లేదు. రెండవదాని మీద చేసినవి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఎందుకో ఇప్పుడు చెప్పాలి. ఇంతకుముందు చెప్పలేకపోయాము.

2021 మే నెల. లాక్‌డౌన్. ఉదయం 6 నుండి 10 వరకే బయట తిరగనిచ్చేవారు. మన సంఘంలోని ఒక పెద్దాయన కరోనాతో చనిపోయారు. అంబులెన్సులో దేహం ఊరికి వచ్చింది. కొడుకు ఫోన్ చేసి, "అయ్యగారూ, తొమ్మిదింటికల్ల మట్టి చేస్తం. మీరొచ్చి ప్రార్థన చేస్తె అమ్మకు ధైర్యం" అన్నాడు. మేము వెళ్లలేదు. ఇంట్లో చిన్నపిల్లలున్నారు, అది అబద్ధం కాదు. కానీ అసలు కారణం భయం. ఫోన్ స్పీకర్ ఆన్ చేయించి, పునరుత్థానమును గూర్చిన వాక్యం చదివి, ప్రార్థన చేసి పెట్టేశాము. ఆ ఫోన్‌ను గుంత పక్కన పట్టుకొని నిలబడినది ఆ ఊరి ట్రాక్టర్ డ్రైవరు. క్రిస్మస్‌కు తప్ప మందిరానికి రాని మనిషి. బంధువులు దూరంగా చెట్టు కింద ఆగిపోతే, అతడూ మరో ముగ్గురూ చేతులకు కవర్లు కట్టుకొని దేహాన్ని దించారట.

తరువాత ఆ తల్లిని చూడడానికి వెళ్లాము. ఒక్క మాట కూడా నిష్ఠూరంగా అనలేదు. "అయ్యగారూ, మా ఆయన ఇప్పుడు ఏడున్నడు?" అని అడిగింది. ప్రభువు సన్నిధిలో ఉన్నాడమ్మా అన్నాము. కాసేపు ఊరుకొని, "నేను గట్లనే నమ్ముతున్న. మీరు నమ్ముతున్నరా అని అడిగిన" అంది.

డిప్లొమా చదువులో నిత్యజీవమును గూర్చి పేపరు వ్రాసి మంచి మార్కులే తెచ్చుకున్నాము. ఆ ప్రశ్న ఆ పేపరులో రాలేదు.

మా అభిప్రాయం ఇది. నిత్యజీవ నిరీక్షణను మనం చావు ఇంట్లో చెప్పే ఓదార్పు మాటగా కుదించుకున్నాము. మిగతా ఆదివారాలు వీసా, ఉద్యోగం, ఇంటి స్థలం, బోరులో నీళ్లు. వీటి కొరకు ప్రార్థించడం తప్పని అనము, మా బోరు కొరకు మేమూ ప్రార్థించాము. అయితే యోహాను ఆ పత్రికలో 14వ వచనంలోనే చెప్పాడు: మనం మరణంలో నుండి జీవంలోకి దాటామని దేనివలన తెలుస్తుంది? సహోదరులను ప్రేమించడం వలన. అంటే నిత్యజీవం చచ్చాక తెరిచి చూసుకునే మూట కాదు. ఉన్నదో లేదో ఇప్పుడే, ఒక మనిషి గుమ్మం ముందు తెలిసిపోతుంది.

మన ప్రాంతంలో సువార్త ఎలా వచ్చిందో గుర్తు చేసుకోండి. అబ్రహాం ఫ్రీజెన్ దంపతులు రష్యా సామ్రాజ్యంలోని మెన్నోనైట్ రైతుల మధ్య నుండి వచ్చి, అమెరికన్ బాప్టిస్టు మిషన్‌తో కలిసి 1890లో నల్లగొండలో పరిచర్య ప్రారంభించారు. డాక్టర్ కేథరీనా షెల్లెన్‌బర్గ్ 1907లో అమెరికా నుండి వచ్చారు. ముప్పై ఏళ్లకు పైగా ఈ ప్రాంతపు రోగులను చూసి, 1945లో శంషాబాద్‌లోనే కన్నుమూశారు. ఈ రోజు మన పిల్లలు అమెరికా విమానం ఎక్కేది అదే శంషాబాద్‌లో! ఆ విమానం కొరకు మేము ఎన్నిసార్లు ఉపవాసముండి ప్రార్థించలేదు?

వీరి పేర్లైనా పుస్తకాలలో ఉన్నాయి. నిజాం కాలంలో కాలినడకన వాడవాడ తిరిగిన మన సువార్తికుల పేర్లు, బైబిలు స్త్రీల పేర్లు చాలావరకు సమాధి రాయి మీద కూడా లేవు. గత్తర వస్తే ఊరు ఊరే ఖాళీ అయ్యే రోజులవి. మూడవ శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో తెగులు వచ్చినప్పుడు అనేకమంది విశ్వాసులు రోగులకు సేవ చేస్తూ తామూ చనిపోయారని అక్కడి బిషప్ దియొనీసియు వ్రాశాడు. వాళ్లకు ప్రాణమంటే తీపి లేక కాదు. ఈ ప్రాణం పోయినా తాము పోమని నమ్మారు.

ఒకటి స్పష్టం చేయాలి. విశ్వాసమున్నవానికి మాస్కు అక్కర్లేదని ఆ రోజుల్లో కొందరు బోధించారు. అది త్యాగం కాదు, పక్కవాని ప్రాణంతో ఆట. మేము మాస్కు పెట్టుకొని, చేతులకు గ్లౌజులు వేసుకొని, పది అడుగుల దూరంలో నిలబడి ప్రార్థించగలిగేవాళ్లమే. అంతమాత్రమూ చేయలేదు. పైగా యోహాను ప్రాణం పెట్టమని చెప్పిన వెంటనే, 17వ వచనంలో, లేమిలో ఉన్న సహోదరుని చూచి కనికరం చూపకపోవడం గురించి మాట్లాడతాడు. ప్రాణం అడుగుతాడేమోనని మనం భయపడుతుంటే ఆయన బియ్యం గురించి, ఆసుపత్రిలో ఒక రాత్రి తోడు పడుకోవడం గురించి అడుగుతున్నాడు. వలస పోయిన కొడుకు రాలేకపోతే ఆ తల్లి డయాలసిస్‌కు ఎవరు తీసుకుపోవాలి?

సంఘ పెద్దలతో మాట్లాడి మందిరంలో ఒక నోటుబుక్కు పెట్టాము. చావైనా, రోగమైనా, ఏ రాత్రి పిలిచినా వస్తామనేవాళ్లు పేరు, ఫోన్ నంబరు వ్రాయాలి. మొదటి పేరు మాది. వణుకుతూనే వ్రాశాము. ఇప్పటికి పదకొండు పేర్లు వచ్చాయి. ఆ ట్రాక్టర్ డ్రైవరు మొన్న దారిలో కలిస్తే నీ పేరు కూడా వ్రాస్తావా అని అడిగాము. బండి దిగకుండానే నవ్వాడు.

"పేరెందుకయ్యగారూ, ఫోన్ చేస్తె వస్త గద."