ఫిడేలు వాద్యగాడు వేషం కడితే తప్పా?

పెళ్లిపందిట్లో సినిమా పాట వాయించిన ఫిడేలు విద్వాంసుణ్ణి చూసి పెదవి విరిచే పెద్దలు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. అదే మనిషి నాటకంలో వేషం కడితే, ‘సంగీతం కూడు పెట్టలేదు కాబోలు’ అనే మాట కూడా పుడుతుంది. ఈ ఎత్తిపొడుపు మనకే పరిమితం కాదు. ఫిడేలు పుట్టిన ఐరోపాలో డేవిడ్ గారెట్ అనే వాద్యకారుడు ఇంతకంటె ఎక్కువే పడ్డాడు.

గారెట్ 1980లో జర్మనీలోని ఆఖెన్ పట్టణంలో పుట్టాడు. తండ్రి పెద్దకొడుకు కోసం ఫిడేలు కొని తెస్తే, నాలుగేళ్ల ఈ చిన్నవాడు దాన్ని చేజిక్కించుకున్నాడు. పదమూడో ఏట పేరుమోసిన రికార్డుల కంపెనీ అతనితో ఒప్పందం చేసుకుంది. బాలమేధావి అన్నారు. బాలమేధావుల పేర్లు మీసాలు వచ్చేనాటికి మాసిపోవడం లోకంలో కొత్త కాదు. ఈ కుర్రవాడు మాత్రం 1999లో న్యూయార్కు వెళ్లి, జూలియార్డ్ సంగీత విద్యాలయంలో ఇట్జాక్ పెర్ల్‌మన్ అనే మహావిద్వాంసుని దగ్గర మళ్లీ శిష్యుడిగా కూర్చున్నాడు. అప్పటికే కచేరీలు చేసి, రికార్డులిచ్చినవాడు పాఠం మొదటికి రావడం చిన్న విషయం కాదు. ఖర్చులకు డబ్బు చాలక ప్రకటనల ఫొటోలకు మోడల్‌గా నిలబడ్డాడు. తర్వాత అతణ్ణి ‘అందం అమ్ముకునేవాడు’ అన్నవారికి ఆ డబ్బు ఏ చదువుకు పోయిందో పట్టలేదు.

ఆపైన బీథోవెన్ పక్కనే రాక్ పాటలు, సినిమా బాణీలు వాయించి పెద్ద పెద్ద మైదానాలు నింపాడు. 2008లో తుమ్మెద ఝంకారాన్ని అనుకరించే ఒక రష్యన్ రచనను 65 సెకన్ల చిల్లరలో ముగించి గిన్నిస్ పుస్తకానికెక్కాడు. ఇది అంతగా మెచ్చుకోదగ్గ ఘనత కాదు. సంగీతానికి ఎడ్లపందెం లెక్కలు దేనికి? ఆ వేగాన్ని తర్వాత మరికొందరు దాటేశారు కూడా.

అతని అసలు పరీక్ష 2013లో వచ్చింది. బెర్నార్డ్ రోజ్ తీసిన ‘ది డెవిల్స్ వయొలినిస్ట్’ చిత్రంలో పగనీనీ పాత్ర ధరించాడు. ఇటలీకి చెందిన పగనీనీ (1782-1840) ఒక్క తీగమీదే రాగమంతా పలికించేవాడు. మనిషికి అంత విద్య రాదని, దయ్యానికి ఆత్మను అమ్ముకున్నాడని జనం చెప్పుకున్నారు. చనిపోయాక పవిత్రభూమిలో పూడ్చిపెట్టడానికి మతాధికారులు ఒప్పుకోక, శవం ఏళ్ల తరబడి చోట్లు మారింది. అంతటి పాత్రకు గారెట్ నటన చాలలేదని విమర్శకులు చాలామంది తేల్చేశారు. అందులో నిజం లేకపోలేదు. నటన కూడా విద్యే, దానికీ గురువు కావాలి. కాని కమాను తీగ మీద పడిన ప్రతిచోటా చెయ్యీ స్వరమూ కలిశాయి. పాట ఒకవైపు, వేళ్లు ఇంకొకవైపు పోయే కథానాయకుల్ని చూసి చూసి అలవాటుపడ్డ కళ్లకు అది తక్కువ విందు కాదు.

వాయించడానికీ ఆడడానికీ మధ్య గోడ కట్టింది ఇటీవలి వాళ్లే. ఆదిభట్ల నారాయణదాసుగారు కాలికి గజ్జె కట్టి ఆడేవారు, పాడేవారు, ఒక్కరే పది పాత్రలై అభినయించేవారు. 1919లో విజయనగరం సంగీత కళాశాలకు తొలి అధ్యక్షులు ఆయనే. 1936లో ఆ పీఠం ఎక్కిన ద్వారం వెంకటస్వామినాయుడుగారు పక్కవాద్యంగా ఉన్న ఫిడేలును ఒంటిగా కచేరీకి నిలిపారు. 1946 నాటి ‘త్యాగయ్య’లో నాగయ్యగారు దర్శకులు, గాయకులు, నటులు కూడా. ఫిడేలు మాత్రం మనదా? రెండువందల ఏళ్లకు పూర్వం బాలుస్వామి దీక్షితులు తెల్లవారి దగ్గర నేర్చి మన రాగాలకు ఒప్పించిన వాద్యమది.

అయితే గారెట్ పేరు చెప్పి, నాలుగు సినిమా ముక్కలు నేర్చిన పిల్లవాణ్ణి వేదిక ఎక్కించే తల్లిదండ్రులు ఒక సంగతి గమనించాలి. అతను గీత దాటింది పునాది పడ్డాకనే. సరళీస్వరాలు, అలంకారాలు సాధన చేయకుండా దాటడానికి గీతే ఉండదు. ఆ పునాది వేసే మాస్టారు ఎందరికి అందుబాటులో ఉన్నాడు? బస్సెక్కి పట్నం పోతే తప్ప ఫిడేలు పాఠం దొరకని ఊళ్లే ఎక్కువ. ఉన్న ఒకరిద్దరు వాద్యగాళ్లు హరికథకు పక్కన కూర్చుని, మైకు అందని చోట, పేరైనా చెప్పించుకోకుండా తెల్లవారుజామున ఇంటికి పోతున్నారు. కొడుక్కి కమాను అందించడానికి వాళ్లే వెనకాడుతున్నారంటే తప్పెవరిది?

శ్రీరామనవమికి, వినాయకచవితికి పందిళ్లు వేసే కమిటీలు ఇందుకు ఒక పని చేయవచ్చు. హరికథకు ముందు అరగంట ఫిడేలు ఒక్కదానికే కేటాయించాలి. ముందు కీర్తన, తర్వాత కోరిన సినిమా పాట. వాయించే మనిషి పేరు కరపత్రంలో వేయాలి. ఆ అరగంట సంభావన హరికథ బేరంలో కలపకుండా, విడిగా అతని చేతికే ఇవ్వాలి.